ఆమె ఒళ్ళో బరువు

పొద్దున ఏడున్నరకి ఆ ఇంట్లో అన్నీ ఒకేసారి జరిగేవి. కూతురికి ఒక కాలి సాక్సే దొరికేది. కొడుకు పాలగ్లాసులో వేలు పెట్టి కలుపుతూ కూర్చునేవాడు. తల్లి జడ అల్లుకుంటూనే కాలితో చెప్పులు వెతుక్కునేది. కూతురికి ఆరేళ్ళు, నోరు మూతపడదు కాబట్టి పిచ్చుక. కొడుక్కి రెండున్నర. పుట్టినప్పుడు తల మీద ఒక్క వెంట్రుక లేదు కాబట్టి గుండు. జుట్టు ఒత్తుగా వచ్చాక కూడా ఆ పేరు పోలేదు.

ఎండాకాలం చివర్లో తండ్రి పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. ఇంకో పని దొరికేదాకా పిల్లల్ని తను చూసుకుంటానన్నాడు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పనికి రెండు షిఫ్టులు ఒప్పుకుంది. చెట్ల ఆకులు పండి రాలడం మొదలయ్యేసరికి ఊళ్ళోవాళ్ళ చలిబట్టలన్నీ వచ్చి లాండ్రీలో పడ్డాయి. కోట్లు, కంబళ్ళు, స్వెట్టర్లు. ఆమె ఇల్లు చేరేసరికి పిల్లలు అన్నం తిని, కథ విని, కళ్ళు మూతలు పడుతూ ఉండేవారు.

ఆ రోజుల్లోనే తండ్రి చేతుల్లో పిల్లలకి బరువు పోయింది.

ఒక చంకలో పిచ్చుకని, ఇంకో చంకలో గుండుని పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కొచ్చేవాడు, ఆయాసమన్నది లేకుండా. గాలి గట్టిగా వీచే రోజున గుండుగాడి నడుముకి తన మఫ్లర్ కట్టి మరీ ఎత్తుకునేవాడు. వీధిలో ఎవరూ వింతగా చూడలేదు. కింద వాచీలు బాగుచేసే ముసలాయన మాత్రం ఓసారి తలెత్తి, "నీకు బాగా మాలిమయ్యారే," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

చిక్కల్లా తల్లి దగ్గరే. అక్కడ తగ్గిన బరువంతా ఇక్కడికొచ్చి చేరింది. ఆమె ఎత్తుకుంటే గుండు నిజంగానే ఇనప గుండు. ఓ ఆదివారం కూరల దుకాణంలో పెద్ద తూకం మీద వాడిని ఎత్తుకుని నిలబడింది. ముల్లు గిర్రున తిరిగి చివరికెళ్ళి కొట్టుకుంది. తర్వాత తండ్రి ఎత్తుకుని నిలబడితే అతనొక్కడి బరువే చూపించింది.

"తూకంలో తప్పేం లేదమ్మా, పొద్దున్నే సరిచూశాను," అంది కూరలావిడ. "నడుం జాగ్రత్త."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కని, పాలిచ్చి, జ్వరాలొస్తే తెల్లార్లూ కూర్చున్నది తను. మూడు నెలలు ఇంట్లో ఉన్నందుకు ఈయనగారికి దూదిపింజలా? ఏ వంక దొరుకుతుందా అని చూసింది.

"అలా పైకి ఎగరేస్తే జలుబు చెయ్యదూ?"

"నేనెక్కడ ఎగరేస్తున్నాను? చెయ్యి కాస్త సడలిస్తే వాళ్ళే పైకెళ్తున్నారు," అన్నాడు. అన్నవాడు నవ్వాడు కూడా. ఆ నవ్వే ఆమెకి గిట్టలేదు.

ఒకరోజు తలనొప్పని అబద్ధం చెప్పి పెందలాడే ఇంటికొచ్చింది. తలుపు ఇవతలికే నవ్వులు వినిపించాయి. లోపల ముగ్గురూ ఎర్రటి ఆకులు ఏరుకొచ్చి గోడకి అంటిస్తున్నారు. పిచ్చుక తండ్రి వేలు పట్టుకుని పైకప్పు దగ్గర తేలుతూ, అందని చోట జిగురు రాస్తోంది. తల్లిని చూసి, "అమ్మా, అప్పుడే వచ్చేశావేంటి?" అంది.

పిల్ల మామూలుగానే అడిగింది. కానీ ఆమెకి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మర్నాడు ఒక కోటుకి చుట్టిన పాత పేపర్లో ప్రకటన కనిపించింది. ఎక్కడో ఒక రోజంతా బస్సులో వెళ్తే వచ్చే ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్, అనుభవం ఉన్నవాళ్ళు కావాలి, ఒక్కరికి సరిపడా గది ఇస్తారు. మధ్యాహ్నం అందరూ తింటుంటే, ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టి అతని పేరుతో దరఖాస్తు రాసింది. అతని సంతకం తనే పెట్టింది. ఆయన మంచికే కదా అని తనకి తను చెప్పుకుంది. ఆ మాట తనే నమ్మలేదు. అయినా పోస్టు చేసింది.

రెండు వారాలకి జవాబొచ్చింది. అతను కవర్లో ఉన్నవన్నీ చదివి, ఆమె వంక చూసి, మడత పెట్టాడు.

"రమ్మంటున్నారు."

"మంచిదేగా."

"ఏడాదికి రెండుసార్లే సెలవట."

"మంచిదేగా," అంది మళ్ళీ, తోమిన గిన్నెనే తోముతూ.

బయల్దేరే రోజు పొద్దున అతను పిల్లలిద్దర్నీ ఎత్తుకుని బస్టాపు దాకా నడిచాడు. ఆమె పెట్టె మోసింది. స్టాపులో వీధి చివర పిల్లల కేంద్రం నడిపే పెద్దావిడ ఆరుగురు పిల్లల్ని వరసగా నిలబెట్టుకుని ఉంది. బస్సొచ్చింది. అతను ముందు గుండుని అందించాడు. ఆమె నడుం వంగింది. తర్వాత పిచ్చుక ఆమె మెడ చుట్టూ చేతులేసింది. అంతే, ఆమె పేవ్‌మెంట్ అంచున చతికిలబడిపోయింది.

లేవబోయింది. చేతకాలేదు. కండక్టరు దిగి గుండుని లాగబోయి, వాడి చెయ్యి కూడా కదపలేక వదిలేశాడు. డ్రైవరూ దిగొచ్చాడు.

"ఎవరెత్తితే లేస్తారమ్మా వీళ్ళు?"

"ఆయనెత్తితే," అంది. అంతమంది ముందు ఆ మాట అనేసి తల దించుకుంది.

అతను వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె తలెత్తకుండానే చెప్పేసింది.

"ఆ దరఖాస్తు నేనే రాశాను."

"తెలుసు. జవాబుతో పాటు దరఖాస్తు నకలు కూడా పంపారు. నా సంతకం నీకెప్పుడూ సరిగ్గా రాదు."

"మరి అడగలేదేం?"

"నన్ను పంపించెయ్యాలనుకుంటున్నావేమో అనిపించింది. ఆ ముక్క నీ నోటితో వినలేక."

"పంపించెయ్యాలనే అనుకున్నాను," అంది. "నీ చేతుల్లో ఎలా ఉంటారో, నా దగ్గర ఎలా ఉన్నారో చూడు. కుళ్ళుకుని చచ్చాను."

డ్రైవరు వాచీ చూసుకుని బస్సెక్కాడు. హారన్ రెండుసార్లు మోగింది. అతను పెట్టె వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. తర్వాత పెట్టెని గోడవారకి జరిపి, ఆమె పక్కనే కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

అరగంట అలాగే ఉన్నారు. పిల్లలు ఆమె ఒళ్ళోంచి కదల్లేదు. అన్ని రోజుల్లో అంతసేపు వాళ్ళని దగ్గరగా చూసింది అప్పుడే. పిచ్చుక కింది పన్ను కదులుతోంది.

"ఎప్పట్నుంచే ఇది?"

"ఐదు రోజులైంది. నాన్నకి చెప్పాగా."

"నాకూ చెప్పాలి కదే."

"ఇప్పుడు చెప్తున్నాగా," అని పిచ్చుక నోరు బార్లా తెరిచి, నాలుకతో పన్ను ఊపి చూపించింది.

అదంతా చూస్తూ నిలబడ్డ పెద్దావిడ, వెళ్తూ వెళ్తూ అతనితో, "పిల్లలు ఇంతగా అంటుకునే మనిషి నాకు దొరకడంలేదు. సోమవారం నుంచి మా కేంద్రంలో పనికి వస్తావా?" అంది.

వెళ్ళాడు. మొదటిరోజు సాయంత్రం ఆమె గుమ్మంలోనే అడిగింది.

"అక్కడి పిల్లలు ఎలా ఉన్నారు?"

"ఒక్కొక్కడూ బస్తా. నడుం పడిపోయింది."

ఆమె వేణ్ణీళ్ళ సంచీ తెచ్చి అతని నడుముకి పెట్టింది, లోలోపలి సంబరం మొహంలో కనబడనివ్వకుండా. ఆ వారమే లాండ్రీలో రెండో షిఫ్టు మానేసింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు పార్కు బెంచీ మీద ఇద్దర్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. వాళ్ళు ఆమె దగ్గర తేలికవ్వలేదు. పైగా నిద్రపోతే ఇంకా బరువెక్కుతారు. పనయ్యాక అతను అటే వస్తాడు. నిన్నా వచ్చాడు. గుండుగాడు ఆమె రొమ్ము మీద తల వాల్చి నిద్రపోతున్నాడు, బెంచీ ఓ పక్కకి ఒరిగి ఉంది.

"కాళ్ళు తిమ్మిరెక్కలేదూ?"

"ఎప్పుడో ఎక్కాయి."

"ఇటివ్వు, నేనెత్తుకుంటాను."

ఆమె భుజం అడ్డం పెట్టి, పిల్లాడిని ఇంకా గట్టిగా పొదువుకుంది.

"ముట్టుకున్నావంటే చూడు," అంది.