వెనక కూర్చునే మనిషి

"దారం మరీ బిగించకు ఫుసాకో. లాగినప్పుడు రాకపోతే పోయేది నా కొడుకు పరువు," అంది అత్తగారు టీ చల్లార్చుకుంటూ. క్యోటోలోని ఈ నాట్యం వాళ్ళింటికి నేను కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ప్రదర్శన ముందూ ఇదే మాట. నా దారం ఒక్కనాడూ మొరాయించలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు. లోపలి కిమోనో మీద పై కిమోనోని వదులుగా టాకాలు వేసి కుట్టాలి. ఆట మధ్యలో నేను వెనకనుంచి దారాలు లాగేస్తే పైది ఊడి, కింది రంగు బయటపడుతుంది. జనం ఆయనకి చప్పట్లు కొడతారు. నల్ల కిమోనోలో వెనక మోకాళ్ళ మీద కూర్చున్న నన్ను చూడకపోవడం వాళ్ళ మర్యాద.

ఈ పని నాకు నేర్పింది పోయిన మామగారు. "వెనక కూర్చునేవాళ్ళకి ఆట మొత్తం రావాలమ్మా. ఆడేవాడు పడిపోతే లేచి అందుకోవాలి. మధ్యలో తెర దించామంటే మన ఇంటికే తలవంపులు," అనేవారు. అలా ఆట మొత్తం వచ్చింది నాకు. అన్నం ఉడికేలోగా వంటింట్లో ఆడుకునేదాన్ని. ఒక్కసారి నన్ను ఆడనివ్వమని, ఆడవేషాలు కట్టే మా ఆయన సెయిగోని అడిగితే, "ఆడవేషం ఆడదే కడితే అందులో కళేముంది?" అన్నారు. నా మొహం చూసి, "సరేలే, వచ్చే వసంతంలో చూద్దాం," అని మాటిచ్చారు. ఆ వచ్చే వసంతం ఇంతవరకూ రాలేదు.

మా ఇంటికి పేరు తెచ్చిన ఆట గంట కథ. కియోహిమె అనే అమ్మాయి ఇంట్లో బస చేసిన సన్యాసి, తిరిగి వస్తానని నమ్మబలికి వేరే దారిన పారిపోతాడు. ఆమె వెంటపడి, నది ఈదుతూ పాముగా మారి, గుడి గంట కింద దాక్కున్న వాణ్ణి గంటతో సహా చుట్టుకుని కాల్చేస్తుంది. "ఆడదాని పగ ఎంత దూరం పోతుందో చూడండర్రా," అని ఆయన ఒకసారి శిష్యులకి చెబుతుంటే, చాపలు తుడుస్తున్న నేను ఉండబట్టలేక, "వస్తానని అబద్ధమాడింది అతను కదండీ?" అన్నాను.

"అమ్మో, పాము ఇంట్లోనే ఉందిరోయ్! ఫుసా, టీ పట్టుకురా," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

ఈ వసంతం మళ్ళీ అదే ఆట. కొన్నాళ్ళుగా ఆయన మోకాలు సరిగా లేదు. రోజూ వేణ్ణీళ్ళ కాపడం పెట్టేదాన్ని, ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు. హాలు నిండిపోయింది. కియోహిమె పాముగా మారే ఘట్టం ముందు, వేదిక మీద వేలాడే గంట కింద తిరుగుతూ తిరుగుతూ ఆయన కూలబడిపోయారు. విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకున్నారు గనక జనం అదీ ఆటలో భాగమే అనుకున్నారు. డోలు వాయించే పెద్దాయనకి మాత్రం తెలిసిపోయింది. ఆపకుండా అదే దరువు మళ్ళీ మళ్ళీ వేస్తూ నా వైపు చూశారు. రివాజు ఆ పెద్దాయనకీ తెలుసు.

నేను దగ్గరికి జరిగాను. "లేవలేకపోతున్నారా? నేను అందుకుంటాను."

"కదలకు. తెర దించమని సైగ చెయ్యి," అన్నారు విసనకర్ర వెనకనుంచి.

"మామగారు చెప్పిన రివాజు..."

"నీ ఆట చూడ్డానికి వచ్చారా వీళ్ళంతా? తెర దించమంటుంటే!"

మామగారు తలవంపులన్న పని ఆయనకి సమ్మతమే. నేను ఆడటమే పడదు. ఇన్నేళ్ళూ నాకు అంతగా రాదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదు, వచ్చునని తెలిసే ఆపారు. ఒళ్ళు మండిపోయింది. లేస్తే ఇక ఆ ఇంట్లో నాకు చోటుండదనీ తెలుసు. దారాలు లాగాను. పై కిమోనో ఊడింది; కింది పాము పొలుసుల కిమోనోలో ఆయన అలాగే కూలబడి ఉన్నారు. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు.

విగ్గూ లేదు, మొహానికి రంగూ లేదు. ఆ నల్ల కిమోనోతోనే లేచాను. ఆయన నా కిమోనో అంచు పట్టుకున్నారు. విడిపించుకుని, ఆయన్ని దాటి ముందుకొచ్చి మొదటి అడుగు వేశాను. దరువు మారింది.

మా పెళ్ళయ్యాక మొదటిసారి, ఆయన నా వెనక కూర్చున్నారు.