నాలుగో నంబరు సీసా

మరుగుతున్న నీళ్ల ఆవిరికి గ్లాసును ఒకసారి చూపించి, పాత నూలుగుడ్డతో కాడ దగ్గర్నుంచి అంచుదాకా తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది గాజుపిల్ల. అది పద్నాలుగోది. అంచు మీద వేలిముద్ర నీడలాంటిదేదో కనిపిస్తే మళ్లీ ఆవిరికి పట్టింది. రోజూ హోటల్లో నాలుగొందల గ్లాసులు తుడిచే చేయి అది. ఆదివారం పూట అక్క వంటింట్లో కూడా దానికి సెలవు దొరకలేదు.

గాజుపిల్ల అన్నది హోటల్ వంటవాళ్లు పెట్టిన పేరు. చేతిలో ఇన్నేళ్లుగా ఒక్క గ్లాసూ పగలలేదని మెప్పుగా పెట్టారో, ఎప్పుడు చూసినా గాజు వెనకాలే కనిపిస్తుందని వెక్కిరింతగా పెట్టారో ఆమె అడగలేదు. అసలు ఆమె ఎవర్నీ ఏదీ ఎక్కువగా అడిగే రకం కాదు. చూస్తూ ఉంటుంది. వాసన కూడా చూస్తూ ఉంటుంది. విందు అయిపోయాక కడగడానికొచ్చిన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని ఇందులో ఏ వైను పోశారో చెప్పడం ఆమె ఒక్కతీ ఆడుకునే ఆట. ఆ ఆట ఒకరోజు బావ కంట పడింది.

ఆ హోటల్లోనే బావది వైన్లు రుచి చూసి ఏది కొనాలో చెప్పే ఉద్యోగం. బయటివాళ్లు నోరెళ్లబెట్టి వింటారు గానీ అక్క మాత్రం, మా ఆయన హోటలు వాళ్ల సొమ్ము నోట్లో పోసుకుని ఉమ్మేసి జీతం తెచ్చుకుంటాడు అంటుంది. మింగితే మూడో సీసాకల్లా అన్నీ అమృతంలాగే ఉంటాయి కాబట్టి ఉమ్మక తప్పదని బావ ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కించుకోదు.

బావకు పైన పెద్దాయన ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ హోటల్ వైన్ల పట్టీ ఆయన నాలుక మీదే నడుస్తోంది. రుచి చూడ్డానికి ఎప్పుడూ ముగ్గురు కూర్చోవాలని ఆయన నియమం. ఇద్దరైతే పోట్లాట, నలుగురైతే సంత అంటాడు. మూడో కుర్చీలో కూర్చునే ఆయన పోయిన నెల వేరే ఊరు బదిలీ అయి వెళ్లాడు. బావ గాజుపిల్ల పేరు చెప్పాడు. పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. ఆదివారం ఆ అమ్మాయినే పొయ్యమను, చూద్దాం అన్నాడు. ఆ "చూద్దాం" విన్నప్పట్నుంచీ గాజుపిల్లకు కంటిమీద కునుకు లేదు. ఏళ్ల తరబడి ఆ గది తలుపు దాకా గ్లాసుల పళ్లెం మోసింది. ఒక్కసారైనా లోపల కూర్చోవాలని ఆమె కోరిక. అక్కకు కూడా ఆ మాట చెప్పుకోలేదు.

హోటల్లో రుచిగదికి రంగులు వేస్తున్నారు. రంగు వాసనలో వైను చూడటం కుదరదని ఈసారి పని బావ ఇంటికొచ్చింది. పొద్దున్నించీ ఇంట్లో పోపు లేదు, వేపుడు లేదు, తలకు నూనె లేదు, ఒంటికి పౌడరు లేదు. అక్క ఎండు రొట్టెముక్క నములుతూ, ఈ ఇంట్లో ముక్కుకున్న మర్యాద మూతికి లేదని గొణిగింది. ఆ మాటకు బావ జవాబు చెప్పలేదు. చెప్పడు కూడా. అది పెద్దాయన పెట్టిన మరో నియమం. రుచి చూసే రోజున నిద్ర లేచింది మొదలు తొలి గుక్క నోట్లో పడేదాకా పెదవి విప్పకూడదు. మాట్లాడితే నోరెండుతుంది, బుద్ధి నలుగురి వైపూ పోతుందని ఆయన వాదం. నెలకు రెండుసార్లు బావ పొద్దున్నే మూగనోము పట్టి, ఒక్క మాట లేకుండా చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. నెల మొత్తంలో నా కాపురం చక్కగా సాగేది ఆ రెండు పూటలే అంటుంది అక్క.

సీసాలు ఆరు. అన్నీ ఆస్ట్రేలియా షార్డొనేలే, అంటే ఒకే రకం తెల్లద్రాక్ష వైన్లు, అన్నీ ఖరీదైనవే. ఆరింటిలో ఒక్కటే హోటల్ పట్టీకి ఎక్కుతుంది. ఏది ఎక్కడిదో తెలియకూడదు కాబట్టి గాజుపిల్లే మూతలు తీసి, సీసాలకు మెడదాకా కాగితం చుట్టి, ఒకటి నుంచి ఆరుదాకా అంకెలు వేసింది. సీసాకు మూడు చొప్పున పద్దెనిమిది గ్లాసులు కావాలి. మూడో మనిషి లేకపోయినా మూడో వరస పొయ్యాల్సిందే. హోటల్ నుంచి పద్దెనిమిదీ బయల్దేరాయి గానీ బావ కారు నడిపే తీరుకు పదిహేనే ఇల్లు చేరాయి. తక్కువైన మూడింటికీ అక్క అటక మీది అట్టపెట్టె దించింది. అందులో ఇంచుమించు అలాంటివే, ఎవరో బహుమతిగా ఇచ్చినవి, ఎన్నడూ వాడనివి ఉన్నాయి. గాజుపిల్ల వాటిని నిన్న సాయంత్రమే కడిగి, తుడిచి, దుమ్ము పడకుండా మళ్లీ ఆ పెట్టెలోనే బోర్లించింది. హోటల్లో రోజూ ప్లాస్టిక్ అరల్లో అలాగే బోర్లిస్తుంది. అందుకే పొద్దున వాటి జోలికి పోలేదు.

పదింటికి పెద్దాయన వచ్చాడు. అక్క ఎదురెళ్లి కుశలప్రశ్నలు వేసింది. ఆయన తలాడించాడు. ఎండ ఎక్కువగా ఉందా అని అడిగింది. మళ్లీ తలాడించాడు. బావ కూడా తలాడించి కుర్చీ చూపించాడు. ఇద్దరు మగవాళ్లు నోరు మూసుకుని ఒకరికొకరు తలలాడించుకోవడం చూసి నవ్వాపుకోలేక అక్క పడగ్గదిలోకి పారిపోయింది.

గాజుపిల్ల ఒక్కో నంబరే వంటింట్లో మూడు గ్లాసుల్లో పోసి, పళ్లెంలో తెచ్చి, వరసగా పెట్టింది. మూడో వరస ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. పెద్దాయన మొదటి గ్లాసు తిప్పి, వాసన చూసి, గుక్కెడు నోట్లో పోసుకుని బుగ్గల్లో ఆడించి, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మాడు. అప్పుడు నోరు విప్పాడు.

"ఆకుపచ్చ ఆపిలు. మంచి పిల్లే, కాస్త సిగ్గరి."

అక్కడ్నుంచి మాటలు పారాయి. రెండోదానిలో బావకు అనాసపండు, కాగిన వెన్న దొరికాయి. పెద్దాయనకు మాత్రం కోతమిల్లులో రంపపుపొట్టు దొరికింది. కొత్త చెక్క పీపాలో మరీ ఎక్కువ రోజులు ఉంచారని, అది వైను కాదు బల్ల అని తీసిపారేశాడు. మూడోదానికి ఇద్దరూ కాసేపు వాదించుకుని, పంపరపనస తొక్క దగ్గర రాజీపడ్డారు.

నాలుగోది ఎత్తగానే బావ మొహం చిట్లించాడు. ఇంకోసారి వాసన చూసి గ్లాసు దూరంగా జరిపాడు.

"తడిసిన అట్ట కంపండీ. కార్కు పోయింది."

పెద్దాయన కూడా చూశాడు. నిజమే అన్నాడు. బిరడా చెడితే వైనుకు అలాంటి కంపే పడుతుంది. పంపినవాళ్లు తలా ఒక్క సీసాయే పంపారు, రేపు పొద్దున్నే పట్టీ అచ్చుకు వెళ్తుంది. దాని అదృష్టం అంతే అని పెద్దాయన కాగితం మీద నాలుగో అంకె కొట్టేశాడు. గ్లాసు పక్కన పెడుతూ ఏదో గుర్తొచ్చి, ఒకప్పుడు గ్లాసులు తుడిచే గుడ్డలో సబ్బు వాసన వచ్చినందుకు ఒకణ్ణి ఆ పూటకాపూటే పనిలోంచి తీసేశానని చెప్పాడు. ఈ అమ్మాయి గుడ్డ శుభ్రంగా ఉందని కూడా అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు రాదని బావ గాజుపిల్ల వైపు చూసి కనుబొమలెగరేశాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి ఐదో సీసా అందుకోబోయి ఆగింది. నాలుగో సీసా మూత గట్టు మీదే ఉంది. ఆరు మూతలూ వరసగా ఉన్నాయి. అన్నీ తిప్పి తీసే రేకు మూతలే. కార్కన్నదే లేని సీసాకు కార్కు కంపు ఎలా పట్టింది? కాగితం చుట్టింది తను కాబట్టి ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు.

నాలుగో సీసా మెడ దగ్గర ముక్కు పెట్టింది. అట్ట లేదు. నిమ్మతొక్క, వేయించిన జీడిపప్పు, వాటి వెనకాల అగ్గిపుల్ల గీసి ఆర్పేసినప్పటి సన్నటి పొగ. పొద్దున్నించీ ఆ గట్టు మీద ఇంత బాగున్నది ఇంకోటి లేదు.

తర్వాత అటక పెట్టె దగ్గరికి వెళ్లి అందులోకి తల వంచింది. ఆ కంపు అక్కడుంది. గ్లాసులు రాత్రంతా బోర్లా పడుకుని అట్ట వాసన కడుపునిండా పీల్చుకున్నాయి. ఆ మూడింటిలోనూ నాలుగో నంబరే పోసింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. తప్పు సీసాదవుతుంది, గుడ్డ శుభ్రమన్న మాట మిగులుతుంది, కుర్చీ కూడా రావచ్చు. చెబితే ఆ కుర్చీ మాట దేవుడెరుగు, గ్లాసుల పని కూడా ఊడుతుంది. ఐదో సీసా ఎత్తింది. మళ్లీ దించింది. ఒక మంచి వైను, నోరు లేనిది, తన తప్పుకు చెత్తబుట్టలో పడబోతోంది. దాన్ని వాసన చూడకపోయి ఉంటే ఎంత బాగుండేదనుకుంది.

ఖాళీ కుర్చీ ముందు నుంచి మొదటి వైను పోసిన హోటల్ గ్లాసు తెచ్చి, కడిగి ఆవిరికి పట్టి తుడిచింది. అందులో నాలుగో నంబరు పోసి తీసుకెళ్లి పెద్దాయన ముందు పెట్టింది.

"ఇది ఐదోదా?" అన్నాడాయన.

"కాదండి, నాలుగోదే. దానికి కార్కు లేదండి, రేకు మూత. కంపు గ్లాసులది. కడిగి అట్టపెట్టెలో బోర్లించాను. తప్పు నాది."

బావ కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన మొదట పాత గ్లాసులో వైను గిన్నెలో పారబోసి, ఖాళీ గ్లాసు వాసన చూశాడు. తర్వాత కొత్త గ్లాసు ఎత్తాడు. తిప్పాడు. గుక్క నోట్లో పోసుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. గిన్నె వైపు వంగబోయి, మనసు మార్చుకుని మింగేశాడు. ఆయన మింగడం బావ ఉద్యోగంలో చేరాక చూడటం అదే మొదటిసారి.

"నీకేం కనిపించింది ఇందులో?" అని అడిగాడు ఆమెను.

ఆమె నేల వైపు చూస్తూ నిమ్మతొక్క, జీడిపప్పు, ఆర్పిన అగ్గిపుల్ల అని చెప్పింది. పెద్దాయన కొట్టేసిన అంకె పక్కన మళ్లీ నాలుగు వేసి, చుట్టూ సున్నా చుట్టాడు. ఐదు, ఆరు కూడా చూశారు గానీ, అవి దాని ముందు నిలవలేదు. కాగితం విప్పితే నాలుగోది టాస్మేనియా నుంచి వచ్చింది. బల్ల అనిపించుకున్న రెండోది మార్గరెట్ రివర్ నుంచి వచ్చింది. తనకెంతో ఇష్టమని బావ ఊరంతా చెప్పుకు తిరిగేది అక్కడి వైన్ల గురించే కావడంతో అతను కిటికీ బయటకు చూశాడు.

వెళ్లేముందు పెద్దాయన ఖాళీ కుర్చీ ముందున్న ఐదు గ్లాసుల వైపూ, గాజుపిల్ల వైపూ చూశాడు.

"బుధవారం ఎనిమిది సీసాలున్నాయి. పొద్దున లేచాక ఎవరితోనూ మాట్లాడకు."

"మరి గ్లాసులెవరు కడుగుతారండీ?" అన్నాడు బావ, నవ్వు దాచుకోకుండా.

"ఆ అట్టపెట్టె ఎవరి అటక మీదిదో వాళ్లు."

పడగ్గదిలోంచి వచ్చిన అక్కకు తప్పు నాదన్న మాటా, ఈ చివరి మాటలూ మాత్రమే వినపడ్డాయి. తప్పొప్పుకున్న పిల్లను పట్టుకుని మాట్లాడొద్దని ఆంక్షలేమిటని మొగుడి మీద విరుచుకుపడింది. పొయ్యి వెలిగించి, బాణలి పెట్టి, పొద్దున్నించీ ఆపుకున్న పోపంతా ఒక్కసారే వేసింది. బావ విడమరిచి చెప్పబోతే, ఆ చిటపటల్లో ఒక్క ముక్కా ఆవిడ చెవిని చేరలేదు.

బుధవారం పొద్దున బావ అందరికంటే ముందే వెళ్లాడు, గ్లాసులు కడగాలని. అక్క టీ కలుపుతూ, నీకూ పొయ్యనా అని కేకేసింది. జవాబు లేదు. తలకు నూనె పెట్టుకోలేదేమే అంది. జవాబు లేదు. రాత్రికి ఏం వండమంటావని అడిగి, వెనక్కి తిరిగింది. చెల్లెలు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటోంది. పెదవులు గట్టిగా బిగించింది గానీ బుగ్గలు మాట వినడం లేదు.

అక్క చేతిలో టీ గరిటె అలాగే ఆగిపోయింది.

"నువ్వు కూడానా తల్లీ" అంది.

గాజుపిల్ల తలాడించి, తలుపు మెల్లగా దగ్గరికి లాగి, ఒక్క మాట లేకుండా వెళ్లిపోయింది.