కాలర్లోని కాన్వాసు

మా ఆవిడకు ఉన్ని కోటు నేనే కుట్టాను. ఆమె పోయి రెండేళ్లయింది. కోటు పెట్టెలోనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం మా అమ్మాయి దాన్ని పట్టుకుని నా టైలరు షాపుకు వచ్చింది. వాళ్లమ్మా నేనూ ఆదివారం చర్చికి పోయేవాళ్లం, దానిది శనివారం సంఘం. యేసును నమ్ముతారు, యూదుల ధర్మశాస్త్రం పాటిస్తారు. యేసు అనకూడదట, యెషువా అనాలట. వాళ్లమ్మ చివరిదాకా యేసు అనే పిలిచింది. ఆయనేమీ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

"నాన్నా, రేపు సంఘంలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. అమ్మ కోటు వేసుకుంటాను. ఇందులో లినెన్ ఏమైనా ఉందా?"

ఉన్ని, లినెన్ అనే అవిసెనార ఒకే బట్టలో కలవకూడదని వాళ్ల నియమం.

"లేదు. కాలరు నిలబడ్డానికి లోపల పెట్టింది నూలు కాన్వాసు. లినెన్ కొనే తాహతు అప్పుడెక్కడిది?"

"పాస్టరు గారు వచ్చి చూస్తారు."

"కుట్టినవాణ్ని, నేను చెబుతున్నా కదే."

"నువ్వు సంఘంలో లేవు కదా నాన్నా. బయటివాళ్ల మాట చెల్లదు."

పాస్టరు సాయంత్రం దిగాడు. ఒకప్పుడు బడిలో సైన్సు ల్యాబు చూసుకునేవాడు. ఇప్పటికీ సంచిలో మైక్రోస్కోపు వేసుకుని తిరుగుతాడు.

"అన్నయ్యా, ఏమీ అనుకోకు. ఒక్క పోగు చాలు."

"ఒక్క పోగు కోసం కాలరంతా విప్పాలి."

"విప్పింది మళ్లీ కుట్టుకోవచ్చులే."

కత్తెర అడిగాడు. నేనివ్వలేదు. అమ్మాయి ఇచ్చింది. అవి చేతికుట్లు. ఆయనకు కుట్టు విప్పడం చేతకాదు. కాలరు అంచు రెండు చోట్ల కోసి పెట్టాడు. తర్వాత పోగు లాగి మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"నూలే. స్తోత్రం. వేసుకోవచ్చమ్మా."

"నేనూ అదే చెప్పాను," అన్నాను.

"ఇప్పుడు రూఢి అయింది కదన్నయ్యా."

సంచి సర్దుకుని పరుగులాంటి నడకతో పోయాడు. పొద్దు వాలితే వాళ్లకు విశ్రాంతి దినం మొదలు. అమ్మాయి సూదిలో దారం ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. కిటికీలోంచి వాలిన పొద్దు చూసి, సూది కింద పెట్టేసింది. ఇక రేపు పొద్దు వాలేదాకా కుట్టకూడదు. ఇంకొకరిని కుట్టమని అడగనూ కూడదు. కానీ అడగకుండానే అడిగినట్టు అర్థమయ్యే మాట ఏదైనా అనొచ్చట. ఇంట్లో లైటు వేయమని అడగదు. చీకటిగా ఉంది నాన్నా అంటుంది. నేనే లేచి వేస్తాను.

కోటును నా మిషన్ మీద పరిచింది.

"కాలరు ఊడిపోయింది నాన్నా."

నేను కత్తెర తీసి సొరుగులో పెట్టాను.

"రేపు తొమ్మిదింటికే ఆరాధన."

"తెలుసు."

"అమ్మ కోటు నాన్నా."

"నా మాట చెల్లదు గానీ చెయ్యి చెల్లుతుందా?"

అమ్మాయి ఏడ్చింది. వాళ్లమ్మలాగే, చప్పుడు లేకుండా.

మహా అయితే అరగంట పని. అయినా కోటు అలాగే మడిచి దాని చేతిలో పెట్టి, మిషన్ మీద గుడ్డ కప్పాను.

"శనివారం నీకు కుదరదు. ఆదివారం నాకు కుదరదు. సోమవారం తీసుకురా," అన్నాను.