తాళం వేసిన నూరిళ్లు

రాళ్లు పాతిన రోజు ఓబులమ్మ కళ్లారా చూసింది. ఉదయగిరి కొండ వాలులో, గొర్రెలు మేసే బంజరులో సోలార్ కంపెనీ మనుషులు కంచె రాళ్లు దింపుతుంటే ఆమె మొగుడు కొండలయ్య అడ్డం నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. ఎవడో భుజం పట్టి నెట్టాడు. తల రాయికి తగిలింది. మూడో రోజు పోయాడు. కాలు జారి పడ్డాడని కాగితాల్లో రాసుకున్నారు.

అప్పుడు ఊళ్లో అడిగే మనుషులు లేరు. ఏటా కోతలయ్యాక గొర్రెల కాపర్లు పిల్లాజెల్లాతో, మందలతో నెల్లూరు వైపు మాగాణి చేలల్లోకి దిగిపోతారు. చేలో మంద కడితే రైతుకు ఎరువు, గొర్రెకు మేత. వానలు పడ్డాకే తిరిగొస్తారు. అంతవరకూ ఇళ్లకు తాళాలు. నడవలేని ముసలివాళ్లు ఏ కొందరో మిగులుతారు. కంపెనీ సర్వే చేయించింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇప్పుడు వానలు పడ్డాయి, మందలు కొండెక్కాయి. కంపెనీ ఆఫీసరు సురేంద్రబాబు కొండ కింద షామియానా వేయించి, సర్వే పట్టిక అచ్చేసిన ఫ్లెక్సీ కట్టించి ఊరిని పిలిచాడు. గొర్రెలున్న కుటుంబాలు తొమ్మిది శాతం. లేనివి తొంభై ఒక్క శాతం. గొర్రెలున్న ఇంటికి సగటున ఐదు గొర్రెలు.

"నూటికి తొంభై ఒక్క ఇళ్లకు ఈ బంజరుతో పనే లేదు. తొమ్మిదిళ్ల కోసం ఊరి అభివృద్ధి ఆపుదామా?" అన్నాడు సురేంద్రబాబు.

ముందు వరసలో కూర్చున్న పెద్ద రైతు జనార్దనయ్య చప్పట్లు కొట్టాడు. బంజరు పక్కనున్న తన మెట్ట పొలాన్ని అప్పటికే కంపెనీకి కౌలుకిచ్చాడాయన. చప్పట్లు ఊరికే రావు.

ఓబులమ్మ మనవరాలు మధులత లేచింది. ఆత్మకూరులో డిగ్రీ చదువుతోంది.

"సార్, మాది రెండు వందల ఇళ్ల ఊరు. మీరు తలుపు తట్టిన ఇళ్లెన్ని?"

సురేంద్రబాబు కాగితం తిరగేశాడు. "నూరు."

"మిగతా నూరు?"

"తాళాలు. మనిషి లేని ఇంటిని ఏమని రాసేది?"

"ఆ తాళాలన్నీ గొర్రెలోళ్లవే సార్. మేం చేలల్లో ఉండంగా వచ్చినారు మీరు. మీకు కనపడిన నూటికి తొమ్మిదంటే ఒప్పుకుంటాను. ఊరికంతా నూటికి తొమ్మిదంటే ఎట్లా ఒప్పుకునేది? ఆ తొమ్మిదీ, తాళాలేసిన నూరూ కలపండి. రెండు వందల్లో నూట తొమ్మిది. సగానికి పైమాటే."

"ఏందిమ్మే నీ గోల, కూర్చో," అన్నాడు జనార్దనయ్య.

"ఆ పాప అడిగిందాంట్లో తప్పేముండాది? చెప్పమను," అని వెనక నుంచి పది గొంతులు లేచాయి.

సురేంద్రబాబుకు కోపం రాలేదు. నవ్వాడు. "సరేనమ్మా, నూట తొమ్మిదిళ్లే అనుకుందాం. ఇంటికి ఐదు లెక్కన ఐదు వందల నలభై అయిదు గొర్రెలు. ఆ కాసిని గొర్రెలకు ఇంత కొండ కావాలా? ఆ ఐదు కూడా మేం పుట్టించింది కాదు. మీ అవ్వే రాయించింది."

మధులత అవ్వ వైపు తిరిగింది.

"ఐదని చెప్పినావా అవ్వా?"

ఓబులమ్మ అవునన్నట్టు తలూపింది. చెప్పింది. ఆ తొమ్మిదిళ్ల ముసలివాళ్లూ నాలుగనో ఐదనో ఆరనో చెప్పారు. మంద లెక్క బయటికి చెబితే మందకు దిష్టి. ఎవరడిగినా ఏవో నాలుగైదు అనడమే వాళ్లకు తెలుసు. కొండలయ్య ఒక్కో గొర్రెనూ మొహం చూసి గుర్తుపట్టేవాడు, తప్పిపోయినదాన్ని పేరు పెట్టి వెతికేవాడు, అంకె మాత్రం ఏనాడూ నోట రానివ్వలేదు. మందను కాపాడుకోవడానికి చెప్పిన మాటను కంపెనీ సగటు కట్టింది. ఆ సగటు చూపించే రాళ్లు పాతింది. నా మాటే నా మొగుణ్ణి మింగిందా అనుకుంది ఆమె.

లేచి నిలబడింది.

"అబద్ధమే చెప్పినాను సారూ. మంద బాగుండాలని చెప్పినాను." కొడుకు వైపు తిరిగింది. "మల్లికార్జునా, మందను దించు. ఆ రెండు రాళ్ల మధ్యలోంచి తోలు. నోరు తెరిచి లెక్కపెట్టు."

"వద్దమ్మా," అన్నాడో ముసలి కాపరి. "మందకు కీడు."

"కీడు పాతేసి పోయినారు కదన్నా, అదుగో. ఇంకేం కీడు రావాల?"

ముసలాయన తలగుడ్డ బిగించుకుని తన మంద కోసం కొండ వైపు నడిచాడు. అతని వెనక మరొకరు, ఆ వెనక ఇంకొకరు.

కంచె రాళ్ల సందులోంచి గొర్రెలు ఒక్కొక్కటే దిగుతుంటే మల్లికార్జున గొంతెత్తి లెక్కపెట్టాడు. సురేంద్రబాబు ఎవరికో ఫోన్ చేశాడు. అంకె అరవై దాటుతుండగా పోలీసు జీపు వచ్చింది. సభను చెడగొడుతున్నాడంటూ మల్లికార్జున రెక్క పట్టి ఈడ్చారు.

"లెక్క ఆపొద్దమ్మా," అని మాత్రం అన్నాడు. జీపు ఆత్మకూరు వైపు పోయింది.

పోయిన ఎండల్లో మొగుడు, ఇప్పుడు కొడుకు. మొగుడు పడిన చోటే, ఓబులమ్మ ఆ రాయినే పట్టుకుని నిలబడింది. "అరవై నాలుగు," అంది. బతుకులో మొదటిసారి ఆ నోట మంద లెక్క వచ్చింది. కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నాయి. పక్కన మధులత గొంతు కలిపింది. తర్వాత ఆడవాళ్లు, తర్వాత మందలు తోలుకొచ్చినవాళ్లు. జీపులో పోకుండా మిగిలిన పోలీసులు ఎవరి నోరు మూయాలో తెలియక నిలబడ్డారు.

"ఐదు వందల నలభై అయిదు," అంది ఊరు.

సురేంద్రబాబు తలెత్తి చూశాడు. అప్పటికి దిగినవి ఏడిళ్ల మందలే. వాలు మీద ఇంకా దుమ్ము లేస్తోంది.

ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఐదు వందల నలభై ఆరు."