కంటికొకటి, కెమెరాకొకటి

టెలిస్కోపు నుంచి కెమెరా విప్పింది, కన్ను పెట్టి చూసే కటకం బిగించింది, మొగుణ్ణి పిలిచింది. ఈ మూడు పనుల మధ్య చేయాల్సిన పని ఇంకొకటుంది. అది ఆవిడకు గుర్తురాలేదు.

అలాగని అజాగ్రత్త మనిషి కాదు. ఆవిడది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. సీసపు కోటు తొడుక్కోకుండా మీట నొక్కబోయిన వాళ్ళను నిలబెట్టి కడిగేస్తుంది. వీధివీధంతా ఎక్స్‌రే అమ్మ అనే పిలుస్తుంది. సెలవురోజున మేడ మీద టెలిస్కోపు పెట్టి సూర్యుణ్ణి ఫొటోలు తీయడం ఆవిడ సరదా. ఆ సరదాకు పెట్టుకున్న నియమాలు వింటే మామూలు మనిషికి ఆవలింతలొస్తాయి. గొట్టం ముందు బిగించే వెండిరంగు పొరను ముందుగా దీపానికి అడ్డంగా పట్టి చిల్లులున్నాయేమో వెతుకుతుంది. గాలికి ఊడకుండా చుట్టూ టేపు అంటిస్తుంది. గురి చూసుకునే బుల్లి దుర్భిణికి మూత పెట్టేస్తుంది, ఎవరైనా పొరపాటున అందులో కన్ను పెడతారేమోనని. పక్కింటి పిల్లి గోడెక్కినా తరిమేస్తుంది. దాని కళ్ళకు మాత్రం ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి?

ఆ వెండిపొరలు ఆవిడ దగ్గర రెండున్నాయి. ఒకటి కంటికి, ఒకటి కెమెరాకి. ఫొటో చటుక్కున పడాలి కాబట్టి కెమెరా పొర పల్చన. కంటి పొర కన్నా పదిరెట్లకు పైగా వెలుగును లోపలికి వదిలేస్తుంది. అది బిగించి ఉన్నప్పుడు కన్ను పెట్టి చూడనే కూడదు. పైకి మాత్రం రెండూ కవలపిల్లలే. వాటి అట్ట చట్రాల మీద పేర్లయితే రాసుకుంది గాని, లోపలివైపు రాసుకుంది. గొట్టానికి తొడిగాక ఆ రాత ఎవరికీ కనబడదు. తెలివంటే ఆవిడదే!

ఆరోజు సూర్యుడి మీద పెద్ద మచ్చల గుంపు కనిపించింది. పడమటి నుంచి మబ్బు తోసుకొస్తోంది.

“ఏమండీ, తొందరగా రండి! మబ్బు కమ్మేస్తోంది. ఎంతెంత మచ్చలో చూద్దురు గాని!”

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే దుకాణం. ఎవరేమడిగినా కాదనే మాట ఆయన నోట విన్నవాళ్ళు లేరు. చేతిలో పని వదిలేసి మేడెక్కాడు, వంగాడు, చూశాడు.

“బాగున్నాయి. చాలా వెలుగుగా ఉంది,” అనేసి కిందికి దిగిపోయాడు.

మబ్బు కమ్మేసింది. సామాను సర్దుతూ ఆవిడ గొట్టం ముందున్న చట్రాన్ని ఊడదీసి వెనక్కి తిప్పింది. ‘కెమెరాకి’ అని ఉంది, తన చేతిరాతే. అట్టముక్క చేతిలో పట్టుకుని ఎండిన నీళ్ళ తొట్టి గట్టు మీద అలాగే కూలబడింది.

కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు. అది ఆవిడకు బాగా తెలుసు. కాలితే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. గంటలు గడిచాక చూపు నట్టనడుమ మసక తేలుతుంది. ఎటు చూస్తే అటే వస్తుంది. అందులోనూ ఆయన పనంతా కుడికంటితోనే. దానికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరను పట్టకారుతో ఎత్తి కూర్చోబెడతాడు. ఆ కన్ను పోతే దుకాణం మూసుకోవాల్సిందే.

కిందికొచ్చి ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చెప్పాలంటే నోరు రావడం లేదు.

“కళ్ళు మంటగా ఉన్నాయా?”

“లేదే.”

“ఆ కిటికీ ఊచలు చూడండి. తిన్నగా కనిపిస్తున్నాయా?”

“అవెప్పుడు తిన్నగా ఉన్నాయి? ఆ మేస్త్రి తాగొచ్చి బిగించాడు.”

ఆవిడ నవ్వలేదు. ఇంకాస్త ముందుకు జరిగి ఆయన కళ్ళలోకి చూసింది.

“పెళ్ళైన కొత్తలో కూడా నన్నింతసేపు చూడలేదు నువ్వు,” అని నవ్వాడు. అంతలో పట్టకారు నుంచి మర జారి బల్ల మీద పడింది. అది ఎటు పోయిందో వెతుకుతూ ఆయన చేత్తో తడుముతుంటే ఆవిడ ఇక ఆగలేకపోయింది.

“పొర మార్చడం మరిచిపోయానండీ. కెమెరాది ఉండగానే మీకు చూపించాను. మీ కుడికన్ను...” మాట పూర్తి కాకుండానే ఏడుపొచ్చేసింది.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు.

“కుడికన్ను కాదులే. ఎడమ కంటితో చూశాను.”

“ఎడమ కంటితోనా? ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే ఏమిటి?”

“ఏమో... ఒకవేళ ఏదైనా అయినా, పనికి ఈ కన్నుండాలి కదా.”

అమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే ఎక్కడో చురుక్కుమంది. అంటే తన టేపులూ మూతలూ దీపం పరీక్షలూ ఇన్నాళ్ళూ చూస్తూ కూడా ఈ మనిషి తనను నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది కూడా. ఇక కోపం తెచ్చుకునే హక్కు కూడా లేకుండా పోయింది!

“మరి ఎడమ కన్ను ఎలా ఉంది?”

“బాగానే ఉంది.”

ఆ మాటకే ఆవిడకు మళ్ళీ భయం పట్టుకుంది. కూర మాడినా బాగానే ఉందంటాడు. చొక్కా ఊపిరాడనంత బిగుతైనా బాగానే ఉందంటాడు. అలాంటి వాడి మాట పట్టుకుని ఎలా నిశ్చింతగా ఉండడం?

పొద్దున్నే తన ఆసుపత్రికే తీసుకెళ్ళింది. కళ్ళ డాక్టరమ్మ ఆయన కళ్ళలో చుక్కలు వేసి, కూర్చోబెట్టి, ఆగి, దీపం వెలుగులో ఎడమ కంటి లోపలికి చూడటం మొదలుపెట్టింది. ఎంతకీ మాట్లాడదు. ఊపిరి బిగపట్టండి అని రోజూ ఎంతోమందికి చెప్పే ఎక్స్‌రే అమ్మ, ఎవరూ చెప్పకుండానే ఊపిరి బిగపట్టి నిలబడింది.

“తెర శుభ్రంగా ఉంది. ఇలా చూసి అలా తప్పుకున్నట్టున్నారు, బతికిపోయారు,” అంది డాక్టరమ్మ. “ఇంకాసేపు చూసుంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదు. చూపులో తేడా అనిపిస్తే మాత్రం వెంటనే రండి.”

బయట బల్ల మీద కూర్చున్నారు. చుక్కలు వేసిన కళ్ళు వెలుగుకు ఓర్చుకోలేక ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“నమ్మకం లేనప్పుడు రానని చెప్పొచ్చుగా?” అంది ఆవిడ.

“అంత సంబరంగా పిలిచావు. రానంటే నీ ముఖం చిన్నబోయేది.”

“అందుకని కన్ను పణం పెడతారా?”

“ఒక కన్నేగా.”

ఆవిడకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. “ఇంకెప్పుడూ నా ముఖం చూసి ఏ పనీ చేయకండి. ఇష్టం లేకపోతే లేదనండి. తెలిసిందా?”

“సరే,” అన్నాడాయన, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా.

ఆ సరే కూడా తన ముఖం చిన్నబోకూడదనే అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇంకా వేటివేటికి ఇలా సరే అన్నారని అడగాలనిపించింది. అడగడానికి ధైర్యం చాలలేదు.