చుక్క పెట్టిన మాట

పొద్దున తొమ్మిదింటికి కూర్చోబెట్టిన మనిషిని మధ్యాహ్నం మూడయినా లేవనివ్వలేదు. రికార్డింగులో చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపారు, కిటికీలు మూశారు. ఇరవై ఏళ్లుగా ఇటుకబట్టీలో పనిచేసే ఆ తల్లికి ఉక్క కొత్త కాదు. కానీ అక్కడ చెమట పడితే కొంగుతో తుడుచుకోవచ్చు. ఇక్కడ చెయ్యి కదిపితే మైకు గరగరమంటుందట.

ఎదురుగా భాషాశాస్త్రం ప్రొఫెసరు. పక్కన కూతురు, ఆయన దగ్గర ఐదేళ్లుగా పరిశోధన చేస్తున్న విద్యార్థిని. తమ ఇంటి భాష మీదే ఆమె పరిశోధన. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, మాట్లాడేవాళ్లంతా బట్టీల్లోనే ఉన్నారు. ఐదు గంటల్లోపు ప్రొఫెసరు సంతకం పడితే థీసిస్ యూనివర్సిటీ ఆఫీసుకు చేరుతుంది. పడకపోతే గడువు దాటిపోయి, ఐదేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

"ఇదొక్కటి చెప్పమ్మా," అన్నాడు ప్రొఫెసరు. "యజమాని పనికి రమ్మన్నాడు. 'నేను రాను' అని మీ భాషలో అనొచ్చా?"

తల్లి ఉలిక్కిపడింది. "అయ్యో, అనకూడదయ్యా!"

"ఎప్పుడూ అనరా?"

"ఎవరంటారయ్యా? మాకా మాటే తెలీదు."

ఆయన ముఖం వెలిగింది. కాగితం మీద ఆ వాక్యం ముందు చుక్క పెట్టాడు. చుక్క పడిందంటే ఆ భాషలో అలాంటి వాక్యం పుట్టదని అర్థం. "చూశావా? వీళ్లకు కాదనే మాట లేదని నేను మూడేళ్ల కిందటే రాశాను."

కూతురికి ఒళ్లు మండింది. లేదట! తెల్లారి లేస్తే అమ్మ నోట "హేక" తప్ప ఇంకో మాట రాదు. రాను, ఇవ్వను, చెయ్యను, పో అన్నీ అందులోనే. గిన్నెలో మూతిపెట్టే పిల్లికి హేక. చీర అడిగే చెల్లెలికి హేక. పన్నెండేళ్లప్పుడు తను బడి మానేసి బట్టీకి వస్తానంటే, తలుపుకి అడ్డంగా నిలబడి హేక.

"సార్, అమ్మ చెప్పింది వ్యాకరణం కాదు, భయం. ఇంట్లో రోజూ అంటుంది."

"రికార్డులో ఉందా?"

"లేదు సార్."

ఆయన కోపిష్టి కాదు. నిదానంగానే అన్నాడు. "మరి లేనిది లేదనే రాయమ్మాయ్. సంతకం పెట్టేస్తాను."

కూతురి పని అడకత్తెరలో పోకచెక్కయింది. తన వాళ్లు నోట్లో నాలుక లేని మనుషులని తన చేత్తోనే రాయాలి. రేపు బట్టీ యజమాని చదివి, చూశారా, కాదనడం వాళ్లకు పుట్టుకతోనే రాదంటాడు.

"ఆ మాట ఒక్కసారి అనమ్మా," అని తమ భాషలో బతిమాలింది.

"ఆయన ఎదురుగానా? నీ సంతకం ఆయన చేతిలో ఉందన్నావుగా. ఊరుకోవే."

ప్రొఫెసరు ఇంకుపెట్టె ముందుకు జరిపాడు. "నువ్వు చెప్పింది ఇదేనని వేలిముద్ర వెయ్యమ్మా."

బొటనవేలు ఇంకులో అద్ది తల్లి ఆగింది. "ఏం రాశాడే?"

"మనకు హేక అనే మాట లేదని రాశాడు. నువ్వే చెప్పావని రాశాడు."

ఇటుకలు అరగదీసిన ఆ వేలు కాగితానికి తగలకుండా పైనే నిలిచింది. తల్లి కూతురి వంక చూసింది.

"ఆ మాటే లేకపోతే నువ్వెట్లా చదివావే?"

ఇంకు చీరకే తుడిచేసుకుంది. అప్పటిదాకా గంగిరెద్దులా తలూపిన మనిషి మైకు దగ్గరికి వంగి, ప్రొఫెసరు కళ్లలోకి చూస్తూ అంది.

"హేక."

రికార్డరు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

"ఏమంటోంది?" అన్నాడు ప్రొఫెసరు.

"మీరడిగిన వాక్యమే సార్," అంది కూతురు.

ఆయన గోడ గడియారం వంక చూసి, సంతకం పెట్టకుండానే పెన్నుకు మూత పెట్టాడు.