ఎడమ పక్క

గ్లాసు మళ్ళీ పడింది. ఈ నెలలో ఇది నాలుగోది. నేను కింద కూర్చుని గాజు ముక్కలు ఏరుతుంటే, మా ఆయన పేపరు దించకుండానే, "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు. వంటగట్టు మీద ఎడమ వైపు ఆ గ్లాసు పెట్టింది నేనే. మోచేయి తగిలేదాకా అక్కడ గ్లాసనేది ఒకటుందని నాకు తెలియలేదు. హాల్లోంచి మా అమ్మాయి, "అబ్బా, కాస్త చూసుకోవా అమ్మా!" అని అరిచింది. అది అచ్చం నా గొంతే. పాతికేళ్ళ కింద మా అమ్మ మీద నేను అరిచిన అరుపే.

అమ్మ గడపలు తన్నుకునేది, తలుపు రెక్కలకు గుద్దుకునేది. పక్కన నిలబడి పలకరిస్తే ఉలిక్కిపడేది. "దానికి పరాకు ఎక్కువ" అనేవాడు నాన్న. నాన్న సంగతి సరే, నాకేమొచ్చింది? ఒకసారి వడ్డిస్తూ కూర పళ్ళెంలో కాకుండా పక్కన పోసింది. నలుగురి ముందూ "నీ వల్ల పరువు పోతోంది" అనేశాను. అమ్మ నవ్వి, గుడ్డ తెచ్చి తుడిచింది. కూర పడ్డ చోటు వదిలేసి పక్క చోటు తుడిచింది. అది చూసి కూడా నాకు అర్థం కాలేదు. పోయేదాకా ఆవిడ ఒక చెయ్యి గోడకి ఆనించే నడిచింది. గోడకి మరకలవుతున్నాయని దానికీ విసుక్కున్నాను. నా నోరు పడిపోను.

నాకు గ్లాకోమా ఉందని తేలి రెండేళ్ళయింది. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి పోతూ వస్తుందట. పోయిన చోట నల్లగానూ ఏమీ కనబడదు. కనబడని చోటుని మెదడు తనకు తెలిసినదాంతో నింపేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నా మెదడు దేనితో నింపుతోందో నాకు తెలుసు. ఎడమ పక్కన ఎప్పుడూ అమ్మ నిలబడి ఉంటుంది. తల తిప్పి చూస్తే ఉండదు. బట్టలు మడత పెడుతున్నప్పుడు మరీ దగ్గరికొస్తుంది. చూడాలంటే భయం, చూస్తే పోతుందేమోనని ఇంకో భయం. ఎవరితో చెప్పుకోను?

చుక్కల మందుతో ఒత్తిడి దిగలేదు. డాక్టరమ్మ చిన్న ఆపరేషను చేద్దామంది. కంటికి రవ్వంత గాటు పెట్టి, కంటికి ఆనేటంత కూడా లేని గొట్టం ఒకటి లోపల అమరుస్తుందట, ఒత్తిడి పెంచే నీరు బయటికి దిగే దారి కోసం. కాసేపటి పని, ఆ రోజే ఇంటికెళ్ళొచ్చు. పోయిన చూపు రాదు గానీ ఉన్నది నిలుపుకోవచ్చు. తర్వాత కొన్నాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు. ఇంత చెప్పినా మా ఆయన చెవికెక్కింది 'చిన్న' అన్న మాట ఒక్కటే. "చిన్నదే కదా, అంత తొందరేముంది? శుక్రవారం మా అక్కావాళ్ళు దిగుతున్నారు. పది మందికి ఎవరు వండిపెడతారు? వాళ్ళు వెళ్ళాక చూద్దాంలే. అయినా నీ రిపోర్టులు బానే ఉన్నాయిగా!"

ఆ రిపోర్టుల కోసమే ఈ రోజు ఆసుపత్రిలో మళ్ళీ చూపు పరీక్ష చేశారు. తెల్లటి గిన్నెలాంటి దానికి గడ్డం ఆనించి, ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి మధ్యలో ఆపేసింది. "ఆంటీ, వెలుగు రాకపోయినా నొక్కేస్తున్నారు. పోయినసార్లూ ఇంతే చేశారు, అందుకే రిపోర్టులు బావున్నట్టు వచ్చాయి. ఎందుకలా?"

ఎందుకంటే ఏం చెప్పను? నొక్కకపోతే ఎవరైనా కోప్పడతారేమోనని. ఇన్నేళ్ళ కాపురంలో 'తెలిసిందా' అంటే తెలిసిందనీ, 'కనబడిందా' అంటే కనబడిందనీ అనడానికి అలవాటు పడ్డ చెయ్యి అది. "మార్కులు తెచ్చుకునే పరీక్ష కాదు ఆంటీ ఇది," అని ఆ పిల్ల నవ్వింది. ఈసారి కనబడితేనే నొక్కాను. చాలాసేపు నా వేలు ఊరికే ఉండిపోయింది. ఉన్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది.

కాగితం చూసి డాక్టరమ్మ మొహం మారిపోయింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఇది?" అని నన్నడిగింది.

"ఎవరికీ లేదండీ," అన్నాడు పక్క కుర్చీలో ఉన్న మా ఆయన.

"మా అమ్మకుంది," అన్నాను.

"మీ అమ్మకా? ఆవిడది పరాకు కదే!"

డాక్టరమ్మ ఆయన వైపు చూడలేదు. "ఆవిణ్ణి ఎక్కడ చూపించారు?"

"చూపించలేదండీ. తిట్టాం."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. డాక్టరమ్మ నీళ్ళ గ్లాసు నా కుడి పక్కకి జరిపింది. తాగి, "శుక్రవారానికే రాయండి నాకు," అన్నాను.

"శుక్రవారమా? మరి అక్కావాళ్ళు..."

"వాళ్ళ కళ్ళు శుభ్రంగా ఉన్నాయిగా. వండుకుంటారు." నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. "మా అమ్మాయికి కూడా ఒక చీటీ రాయండి. ఇరవై ఏళ్ళు దానికి. రేపే తీసుకొస్తాను."

"తనేమైనా ఇబ్బందిగా ఉందని చెప్పిందా?"

"చెప్పేదాకా ఆగితే ఎలాగండీ? మా ఇంట్లో ఆడవాళ్ళు చెప్పరు."